నా మెగ్నీషియం గిన్నె, అమ్మ చేపల పులుసు

కిటకిటలాడే లోకల్ బండిలో ఒక గిన్నె బుసలు కొట్టి, నా ఒక్కడికే బల్లంతా ఖాళీ చేయించిన ఉపద్రవం గురించి చెబుతాను. అందులో పాముందని అంతా అనుకున్నారు. నిజంగా పామే ఉండుంటే నాకంత అప్రతిష్ఠ వచ్చేది కాదు.

అప్పట్లో మాది సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్సు. ఎర్రజెండాల ఊరేగింపు ఏ వీధికి అడ్డం వస్తుందో కనుక్కుని ఇల్లు కదిలే రోజులు. నేను కలకత్తాలో ఒక కాలేజీలో మెగ్నీషియం మిశ్రమాల మీద పరిశోధన చేస్తున్నాను. ఆ లోహం అల్యూమినియం కన్నా తేలిక, మెరుపులో వెండి, స్వభావంలో మాత్రం పెళ్ళిలో మర్యాద తగ్గిన మేనత్త. ఉప్పు తగిలితే చాలు, రుసరుసలాడి, బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. అలా కాకుండా దానికి రక్షణ పూత వేయడం నా పని.

కరెంటు పంపి ఒక పొర పెంచాను. దాని మీద వార్నిష్ పూశాను. మంచినీళ్ళలో నానేస్తే మచ్చ కూడా పడలేదు. తుప్పును జయించిన మొనగాణ్ణి నేనే అనుకున్నాను. మా గైడు దత్తా సార్ మాత్రం పెదవి విరిచారు.

"మంచినీళ్ళలో ఎవరైనా నిలబడతారు, రావ్. త్వరగా ఇంకేదైనా చూపించు. లేకపోతే వేరే లోహం చూసుకో."

అంతే, మిగిలిన రేకుతో మూత బిగించే గిన్నె చేయించి, నా పూత వేశాను. అందులో సార్‌కి చేపల పులుసు పట్టుకెళ్ళాలని పథకం. బెంగాలీ మనిషి, చేప తింటూ గిన్నెను మెచ్చుకోక ఏం చేస్తాడు?

అమ్మ గిన్నెను అరచేతిలో ఎగరేసి చూసింది.

"ఏట్రా ఇది, అట్టముక్కలాగుంది. ఇందులో పులుసు నిలుస్తాదా?"

"సముద్రమే నిలుస్తుందమ్మా."

"సార్‌కి ఎట్టేది కదా, ఒకపాలి తోమి ఇస్తానుండు."

నేను స్నానానికి వెళ్ళాను. పాఠకులారా, ఆ స్నానమే కొంప ముంచింది. అమ్మ కొబ్బరిపీచూ ఇటుకపొడీ తీసుకుని నా పరిశోధనంతా తళతళలాడేలా తోమేసింది. నేనొచ్చి ఆ మెరుపు చూసి, ఆహా, నా పూత అని మురిసిపోయాను కూడా. అమ్మ వేడివేడి చింతపండు పులుసు పోసి మూత బిగించింది.

బండి రామరాజతల దాటేసరికి నా ఒళ్ళో సన్నగా బుస మొదలైంది. పక్కాయన సంచీ వైపు చూశాడు.

"దాదా, మీ సంచీ ఏదో అంటోంది."

"పులుసండీ."

"పులుసు మాట్లాడుతుందా?"

"ఇది ఆంధ్రా పులుసు."

ఆయన లేచి నిలబడ్డాడు. మూత అంచున నురగ పొంగింది. ఎదుటి ముసలావిడ "సాప్, సాప్" అంది. పాము మాట వినగానే బల్ల ఖాళీ. భయపడాల్సిన నేను మాత్రం గిన్నెకి చెవి ఆనించి కూర్చున్నాను. కరగడం ఎక్కడ మొదలైంది, మూలలోనా, అంచునా? జోరు పెరుగుతోందా?

ప్రయోగశాలలో మూత తీయబోతే టప్పున అదే లేచింది. పులుసు బూడిదరంగు, గిన్నె లోపలంతా గుంటలు. తిట్టడానికి నోరు తెరిచిన సార్ బుడగలు చూసి ఆగిపోయారు. వాటి మీద ఒక పరీక్షనాళిక బోర్లించి పట్టుకుని, కాసేపాగి దాని మూతి దగ్గర అగ్గిపుల్ల గీశారు. కీచుమని చిన్న పేలుడు.

"హైడ్రోజన్" అన్నారు, పండగ బట్టలు చూసిన పిల్లాడిలా. "ఇందులో ఏమేం వేశారు?"

"చింతపండు, ఉప్పు, మెంతులు, చేప."

"లోహాలకి అందరూ పెట్టే ఉప్పునీళ్ళ పరీక్ష దీని ముందు పసిపాప. ఇకమీదట నీ పూతలన్నీ ఇందులోనే ముంచు. వారం వారం ఒక సీసా పట్టుకురా."

ఇంటికెళ్ళగానే అమ్మ అడిగింది.

"సార్ తిన్నాడేటి?"

"మళ్ళీ మళ్ళీ తెమ్మన్నారమ్మా."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అమ్మ ఇంకా పెద్ద ముక్కలు ఏరి వేయసాగింది. ముక్కలు నేను తినేవాణ్ణి, పులుసులో రేకులు మునిగేవి.

ఒక ఆదివారం సార్ మా ఇంటికొచ్చారు. అమ్మ తనకొచ్చిన బెంగాలీలో పులుసు ఎలా ఉంటోందని అడిగింది.

"సాంఘాతిక్, దీదీ" అన్నారు సార్ మనస్ఫూర్తిగా. "శబ్ ఖేయే ఫెలేఛే. ఏక్ టుక్రోఓ బాకీ నేయ్."

సాంఘాతిక్ అంటే ప్రాణాంతకమనీ అర్థమే, అద్భుతమనీ అర్థమే. పులుసు మా రేకులన్నిటినీ తినేసింది, ఒక్క ముక్కా మిగల్లేదని సార్ బాధ. బెంగాలీలో ఎవరు తిన్నదీ చెప్పకుండానే వాక్యం పూర్తవుతుంది.

"ఒక్క ముక్క ఉంచలేదంట" అని అమ్మ వెలిగిపోతూ లోపలికెళ్ళి, పెద్ద గిన్నెడు పులుసు తెచ్చి సార్ ముందు పెట్టింది.

సార్ పులుసు వైపు చూశారు, నా వైపు చూశారు. మెల్లగా వేలి ఉంగరం తీసి జేబులో వేసుకుని, అప్పుడు అన్నంలో చెయ్యి పెట్టారు.

ఆ క్షణాన, కంచం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో మా అమ్మకీ విజ్ఞానశాస్త్రానికీ మధ్య దుబాసీగా నిలబడను.