సమాధి మీద చెక్కిన మాట

సమాధుల పండుగ దగ్గరపడితే నాకు ఇప్పటికీ ఒకచోట కూర్చోబుద్ధి కాదు. ఆ రోజున మా పల్లెలో ప్రతి కుటుంబమూ తమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టి, చెక్కిన అక్షరాలకు నల్లరంగు దిద్దుతుంది. మా చిన్నాన్న సమాధి దిద్దే పని నాది. ఆయన పేరు కింద ‘హతసాక్షి’ అని చెక్కి ఉంది. ఆ మాట అక్కడికి నా వల్లే వచ్చింది.

ఎనభైల్లో సంగతి. గురజాల అవతల, సాగర్ కాలువ కింద మాకు మిరపచేను ఉండేది. చిన్నాన్న ఆదివారాలు ప్రార్థన నడిపేవాడు, మిగతా రోజులు నాతో చేలో ఉండేవాడు. ఒక సాయంత్రం పక్కచేనువాళ్ళు కర్రలతో గట్టు మీద నా మీదికి వచ్చారు. చిన్నాన్న మధ్యలోకి దూరాడు. దెబ్బ ఆయన తలకు తగిలింది. నరసరావుపేట ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

పక్కచేనువాళ్ళది మా పల్లే గానీ మా మతం కాదు. అది చాలు, పాతిపెట్టే వేళకే అందరూ ఆయన్ను హతసాక్షి అంటున్నారు. పాస్టరుగారు మాత్రం నన్ను పక్కకు పిలిచారు.

“బాబూ, చంపబడ్డ విశ్వాసులంతా హతసాక్షులు కారు. క్రీస్తును వదలమంటే వదలనని ప్రాణం ఇచ్చినవాడు హతసాక్షి. మీ చిన్నాన్నను అట్లా ఎవరన్నా అడిగారా?”

“అడిగారండి,” అన్నాను.

రాయి చెక్కించారు. కొట్టినవాడు జైలుకు పోయాడు. వాడి పెళ్ళాం బోరింగు దగ్గరికి వస్తే మా ఆడవాళ్ళు బిందె పెట్టనిచ్చేవాళ్ళు కాదు. “ఏసయ్య బిడ్డను చంపినోళ్ళకి మా నీళ్ళెందుకే? పో!”

మరుసటి ఏడు రంగు డబ్బా పట్టుకుని సమాధి ముందు కూర్చున్నాను. పిన్ని వచ్చి పక్కన నిలబడింది.

“ఏందిరా, మూత తియ్యకుండా అట్టా కూసున్నావు?”

“ఏం లేదు పిన్నీ.”

“ఆ పొద్దు గట్టు మీద వాళ్ళడిగింది ఏసయ్యనా, నీళ్ళా?”

నేను డబ్బా కింద పెట్టాను.

“మీ చిన్నాన్న నీకు అడ్డంపడి పోయాడు. ఆ మడిసికి అది చాలదంట్రా? ఆ మాటకి రంగు పుయ్యబాకు.”

పుయ్యలేదు. ఏటా సున్నం పడి ఆ అక్షరాలు పూడిపోయాయి. సంఘంలో మాత్రం నోరు విప్పలేదు. కొట్టినవాడి పెళ్ళాం బిందె ఏళ్ళ తరబడి ఊరి చివరి బావికే పోయింది.

ఈ ఏడు మా సంఘం యువకులు సున్నం గీకి ఆ మాటను మళ్ళీ పైకి తీశారు. పండుగనాటికి రంగు వేస్తారట. అందుకే రాస్తున్నాను. క్రీస్తును వదలమని మా చిన్నాన్నను ఎవరూ అడగలేదు. ఆ పూట నీళ్ళ వంతు పక్కచేనువాళ్ళది. వాళ్ళ వైపు తూము మూసి, నీళ్ళు మా చేలోకి తిప్పింది నేను.