కాల్చడానికి కుట్టిన జెండా

మా కొట్లో కుట్టని జెండా లేదు. ఎన్నికలొస్తే ఏలూరు వన్‌టౌన్‌లో సగం పార్టీల జెండాలూ కండువాలూ నా మెషిన్ మీద నుంచే బయటికెళ్తాయి. పొద్దున ఒక పార్టీవి, మధ్యాహ్నం వాళ్ళ శత్రువులవి. దారం ఎలాగూ తెల్లదే, ఎవరూ పట్టించుకోరు. ఆగస్టుకీ జనవరికీ బడుల వాళ్ళకి మూడు రంగుల జెండాలు. మిగతా రోజుల్లో వట్లూరు కాలేజీల యూనిఫాంలు, పెళ్ళయ్యాక పొట్ట పెరిగినవాళ్ళ ప్యాంట్లు వదులు చెయ్యడం. మా నాన్న కూడా ఇదే కొట్లో ఇదే పని చేశాడు. కాకపోతే ఆయన కాలంలో పార్టీలు తక్కువ, పొట్టలు కూడా తక్కువ.

ఆ వారం సరిహద్దులో యుద్ధం మొదలైంది. మా ఎదురుగా ఉన్న టీ కొట్లో టీవీ ఉంది. బుధవారం మొదలైన యుద్ధంలో గురువారం సాయంత్రానికల్లా ఆ టీవీ శత్రువుల నగరాలు రెండు పట్టేసుకుంది. శుక్రవారం పొద్దునకి అందులో ఒకటి మళ్ళీ వాళ్ళదైపోయింది. ఎలా అయిందని ఎవరూ అడగలేదు. నేను వెళ్ళి నిలబడితే గొంతు తగ్గించేవాళ్ళు కొందరు, పెంచేవాళ్ళు కొందరు. అందరూ నాకు ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళే, మంచివాళ్ళే. అయినా ఆ రెండు రోజులూ టీ గ్లాసు తెచ్చుకుని నా కొట్లో కూర్చునే తాగాను.

గురువారం దీపాలు పెట్టే వేళకి మా బజారు వర్తకుల ప్రెసిడెంటుగారు వచ్చారు. ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. నాకంటే రెండేళ్ళు పెద్ద. మనిషి మంచివాడు, మాట ఇంకా మంచిది, ఆలోచన మాత్రం మాట తర్వాత తీరిగ్గా వస్తుంది.

"సాయిబుగారూ, ఆదివారం సాయంత్రం ఊరేగింపు పెడుతున్నామండి. మన జెండాలు చిన్నవి వంద కావాలి. ఇంకోటి కూడా..." అని ఆగి, వీధి వైపు ఒకసారి చూసి, "పాకిస్తాన్ జెండా ఒకటండి. పెద్దది. కాల్చడానికి" అన్నారు.

"నేను కుట్టాలా అండీ?"

"మీరైతే బాగా కుడతారని. మీ దగ్గర పచ్చ గుడ్డ కూడా ఉంటది కదా."

మా వైపు పచ్చ అంటే ఆకుపచ్చో, పసుపుపచ్చో, అందులో ఏ పార్టీ దాక్కుని ఉందో అడిగి తెలుసుకోవాలి. ఆయన అన్న పచ్చ ఏ పచ్చో నాకు అడక్కుండానే తెలిసింది. ఆయన మాత్రం ఏమీ అనుకుని అనలేదు. ఉప్పు కొట్టుకెళ్ళి ఉప్పు ఉందా అన్నట్టే అన్నారు. నిజానికి గుడ్డ ఉంది కూడా. నర్సింగ్ కాలేజీ వాళ్ళ ఆపరేషన్ గౌన్లకని తెచ్చిన ముదురు ఆకుపచ్చ కాటన్, బీరువాలో పై అరలో.

కుట్టనంటే ఎందుకు కుట్టనన్నావంటారు. కుడతానంటే అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నావంటారు. అందుకని కొలత అడిగాను.

"ఆరడుగులుండాలండి. బాగా మండాలి."

"అయితే పాలిస్టర్ వద్దండి. అది మండదు, కరిగి చేతుల మీద కారుద్ది. పట్టుకున్నవాళ్ళ చేతులు బొబ్బలెక్కిపోతాయి. కాటనైతే శుభ్రంగా కాలుద్ది."

"చూశారా, అందుకే మీ దగ్గరికొచ్చింది!" అని ఆయన సంతోషంగా వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచాను. ఆ జెండా బొమ్మ వాట్సాప్‌లో పంపమన్నాను. అది ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. యుద్ధం నడుస్తుండగా నా పేరున్న ఫోన్‌లో ఆ బొమ్మ వెతికే ధైర్యం లేక. ఆయన పంపితే ఆయన పంపినట్టు ఉంటుంది. బొమ్మ పది నిమిషాల్లో వచ్చింది, కింద చేతులు జోడించిన గుర్తుతో సహా.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి ఆకుపచ్చ గుడ్డ కత్తిరించి, ఒక పక్కన తెల్ల పట్టీ అతికాను. మా ఇల్లు కొట్టు వెనకే. నా భార్య కాజాలు, హుక్కులు చూసుకుంటుంది. నెలవంక గియ్యడానికి ఆవిడనే ఒక పెద్ద పళ్ళెం, ఒక చిన్న పళ్ళెం అడిగాను. తెల్లగుడ్డ మీద పెద్దది పెట్టి రంగు సుద్దతో గీసి, చిన్నదాన్ని పక్కకి జరిపి గీస్తే నెలవంక వస్తుంది. నక్షత్రం కష్టం. ఐదు కోణాలూ సమానంగా రావాలంటే గుడ్డని మడిచి ఒకే వేటుకి కత్తిరించాలి. రెండుసార్లు చెడిపోయి మూడోసారి కుదిరింది. అంచులు లోపలికి మడిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేసి, ఇస్త్రీ చేసి గోడకి పట్టి చూసుకున్నాను. ఒక్క ముడత లేదు.

నా భార్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఏవండీ, కాల్చేదానికి ఇంత నునుపెందుకండీ?"

"కుట్టేది నేను కదా."

"అదే నా భయం. రేపు ఎవరైనా పోలీసులు వచ్చి చూస్తే, ఇంత బాగా కుట్టావేంటి, ఎంత ప్రేమ లేకపోతే ఇంత బాగా కుడతావు అంటారు. కాస్త వంకరగా కుట్టండి."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఒక మాట చెప్పి నవ్వకపోతే ఆ మాట వినడం నేను నేర్చుకున్నాను. నక్షత్రం కుట్టు ఊడదీసి, ఒక కోణం పొట్టిగా చేసి మళ్ళీ కుట్టాను. అంచు కుట్టుని రెండు చోట్ల పక్కకి పోనిచ్చాను. పని నేర్చుకునే రోజుల్లో ఇలా కుడితే మా నాన్న స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాడు. బతుకులో మొదటిసారి కావాలని చెడగొట్టి కుట్టాను, అది కూడా చెయ్యి రాక మూడుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది.

శనివారం సాయంత్రం యుద్ధం ఆగిపోయింది. ఆగిందన్న సంగతి మనవాళ్ళ కంటే ముందు అమెరికావాళ్ళు చెప్పారు. టీ కొట్లో దాని మీద పెద్ద చర్చ. మన ఇంట్లో గొడవ సద్దుమణిగిందని పక్కింటాయన మైకులో చెప్పడమేంటని ఒకాయన కోపం. నాకు కోపం రాలేదు. గుండెల నిండా గాలి పీల్చుకుని, ప్రెసిడెంటుగారికి ఫోన్ చేశాను.

"ఊరేగింపు ఉందండి, విజయోత్సవం కింద మార్చాం. మన జెండాలు వందా పంపెయ్యండి" అన్నారు.

"మరి రెండోదండీ?"

"అది ఇప్పుడు బాగోదు కదండీ. ఒప్పందం అయ్యాక కాలిస్తే... ఎందుకులెండి. మీ దగ్గరే ఉంచండి."

"నా దగ్గరా?"

"ఆఁ. ఏముందండీ, మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తది."

ఫోన్ పెట్టేశారు. ఆరడుగుల పాకిస్తాన్ జెండా, నా బీరువాలో, మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుందని.

అది సర్దుతుండగానే హెడ్ కానిస్టేబుల్‌గారు ప్యాంటు కోసం వచ్చారు. నడుము రెండంగుళాలు వదులు చెయ్యమని ఇచ్చారు, ఏడాదిలో మూడోసారి. నా చేతులు జెండా మడతలో ఉన్నాయి. దాచబోతే ఇంకా బాగా కనిపిస్తుందని ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పేశాను, వాట్సాప్ బొమ్మ కూడా చూపించాను. ఆయన ముందు పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, తలుపు కాస్త దగ్గరగా వేశారు.

"స్టేషన్‌లో అప్పజెప్పెయ్యనా అండీ?" అన్నాను.

"అప్పజెప్తే రాసుకోవాలి కదండీ. ఎక్కడ దొరికింది అని ఒక గడి ఉంటది. అందులో మీ కొట్టు పేరు రాస్తే బాగుంటదా?"

"కాల్చేస్తానండి."

"ఎక్కడ? వీధిలోనా? మీరు దీన్ని విప్పి అగ్గిపుల్ల గీసేలోపు ఎవడో ఫోటో తీస్తాడు. ఫోటోలో అగ్గిపుల్ల పడదు, మీరూ జెండా పడతారు." ప్యాంటు చంకలో పెట్టుకుని బయల్దేరారు. "నేను చూడలేదండి. తొందరగా వదిలించుకోండి."

ఆదివారం పొద్దున్నే జెండాని రెండు పాత ప్యాంట్ల మధ్య పెట్టి, సంచిలో వేసుకుని ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు. సంచిలో ఏముందో చెప్పగానే పేపరు కింద పడేశారు.

"మా ఇంటికి తెచ్చారా! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారండీ?"

"మా ఇంట్లో చూస్తే ఏమనుకుంటారండీ?"

గట్టిగా అనలేదు. ఆయన కాసేపు సంచి వైపు, కాసేపు నా చెప్పుల వైపు చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని, స్కూటర్ తాళం తెచ్చారు.

"కైకలూరు దారిలో మా బావమరిది రొయ్యల చెరువులున్నాయండి. అక్కడ గట్టు మీద మనుషులుండరు. పదండి, ఇద్దరం వెళ్దాం."

నేను నడిపాను. సంచి ఆయన ఒళ్ళో. ఊరు దాటేవరకూ ఏ ఖాకీ చొక్కా కనపడినా నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఒకచోట అది పోస్టుమాన్. కొల్లేరు వంతెన దగ్గర గతుకులో సంచి ఎగిరి ఆకుపచ్చ కొస బయటికొస్తే, దాని మీద తన జేబురుమాలు కప్పారు. ఆ దారి పొడుగునా ఆయన నాలాగా ప్రయాణం చేశారు.

బావమరిది పంచె ఎగ్గట్టి గట్టు మీద మేత బస్తాలు లెక్క చూసుకుంటున్నాడు. విషయం విని తల కొట్టుకున్నాడు.

"బావా, మే నెల ఎండలో గట్టు మీద మంట పెడతావా? అటు ఎండుగడ్డి, ఇటు మేత షెడ్డు. నీ దేశభక్తికి నా చెరువు పోద్ది."

"మరేం చెయ్యమంటావురా?"

అతను జెండాని బయటికి లాగి, మడత విప్పి, వేళ్ళతో నలిపి చూశాడు. "కాటనేనా అండీ సాయిబుగారూ? మంచి గుడ్డే. రొయ్యల్ని ఎత్తుకుపోయే ఈ నీటికాకులతో చచ్చిపోతున్నానండి. వాటిని బెదరగొట్టడానికి చెరువు మీద తాళ్ళకి పాత చీరలు చింపి కట్టాను, చాలట్లేదు. ఇది చింపితే నాలుగు వరసలొస్తాయి."

మేం ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. కాటన్ కదా, అంచున కత్తెర గాటు పెట్టి లాగితే నేరుగా చిరుగుతుంది. చర్రుమని చప్పుడు. ప్రెసిడెంటుగారు మొదట భయంగా, తర్వాత ఉత్సాహంగా చింపారు. నెలవంక దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. నా ముఖం చూశారు. రంజాన్ పండక్కి నేను డాబా ఎక్కి చూసి, నెలవంక కనపడిందంటే, సెమియా తినడానికి రమ్మని మొదట చెప్పేది వాళ్ళింట్లోనే.

"ఇలా ఇవ్వండి. నేనే కుట్టాను" అని కుట్టు ఊడదీశాను. వంకర కుట్టు కదా, సులువుగా వచ్చేసింది. నెలవంకని చూస్తే తెల్లగుడ్డ ముక్క. అదీ ఇచ్చేశాను, తాడుకి ముడేశాడు.

బావమరిది తాళ్ళు కడుతూ ఒకటే మాట్లాడాడు. "పాకిస్తాన్ సంగతి నాకు తెలీదు గానీ బావా, నన్ను కొట్టింది అమెరికావాడు. రొయ్య మీద పన్నేస్తానని అక్కడ కూర్చుని ఒక్క మాటన్నాడు, ఇక్కడ కొనేవాడు ఫోనెత్తడం మానేశాడు. ఈక్వెడార్ అని ఒక దేశం ఉందంట, అది ఎక్కడుందో కూడా మా వీధిలో ఎవడికీ తెలీదు. మన బేరం వాడు ఎగరేసుకుపోతాడంట. మీరు ఊరేగింపు చేస్తే దీని మీద చెయ్యండి."

"చేద్దాంలే" అన్నారు ప్రెసిడెంటుగారు, ఏ దేశం గురించి అడిగినా అలాగే అనేటట్టు.

ఆకుపచ్చ పేలికలు నీళ్ళ మీద గాలికి ఊగడం మొదలెట్టాయి. ఒక నీటికాకి వచ్చి, ఒక చుట్టు తిరిగి, పక్కాయన చెరువు మీద వాలింది. బావమరిది చాలా సంతోషించాడు.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక ప్రెసిడెంటుగారు వెనక నుంచి, "ఆ జెండా మీ దగ్గరుంటే మీకు ఇబ్బందని నాకు తట్టలేదండి, సాయిబుగారూ. నిజంగా తట్టలేదు" అన్నారు.

"తెలుసండి. తట్టకపోవడం మీ అదృష్టం" అన్నాను. దెప్పాలని కాదు. అసూయగానే అన్నాను.

బావమరిది ఇచ్చిన రొయ్యలు ఇంట్లో ఇస్తే, మా ఆవిడ జరిగినదంతా విని, తల తీస్తున్న రొయ్య చేతిలోంచి జారిపోయేదాకా నవ్వింది. శుక్రవారం నవ్వాల్సిన నవ్వు కూడా అందులో కలిపేసిందనుకుంటాను. కళ్ళు తుడుచుకుని, "సాయంత్రం ఊరేగింపుకి నీలం చొక్కా వేసుకోండి, అది మీకు బాగుంటది" అంది.

నీలం చొక్కా వేసుకునే వెళ్ళాను. నేను కుట్టిన వంద జెండాలూ వచ్చాయి, మనుషులు అరవై మంది వచ్చారు. ప్రెసిడెంటుగారు ముందు వరసలో ఉండాలి. కానీ నా పక్కకి వచ్చి, "కాస్త నెమ్మదిగా నడుద్దామండి, మోకాళ్ళు" అన్నారు. నడుస్తూ నడుస్తూ ఇద్దరం చివరి వరసకి వచ్చేశాం. అక్కడ ఎవరూ నినాదాలివ్వడం లేదు. ఒకాయన కూతురికి వట్లూరులో ఇంజనీరింగ్ సీటు వస్తుందా రాదా అని అడుగుతున్నాడు. ఇంకొకాయన, ఉక్కపోతకి తాళలేక, మూడు రంగుల జెండాని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకుని, పేపరుతో విసురుకుంటున్నాడు.