సగం వదినది, సగం నాది

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. "మీ వదిన ఎల్లిపోనాదిరా సిన్నోడా. పొయ్యి మీద పాలెట్టి కుర్సీలో కూకుంది. నాను పిలిస్తే పలకలేదు" అన్నాడు. ఆఫీసు వరండాలో ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను. అవతల ఎవరో గిన్నె దించిన చప్పుడు వినిపించింది.

నేను బెంగాల్లోని ఆద్రాలో పనిచేస్తున్నాను. ఖరగ్‌పూర్ చేరేసరికి మలంచా పేటలో అన్నయ్య ఇంటి ముందు జనం నిండిపోయి ఉన్నారు. వదిన చేత పెళ్లి శుభలేఖలు టైపు చేయించుకున్నవాళ్లు, గుడి కరపత్రాలు చేయించుకున్నవాళ్లు, బడి పంతుళ్లు. ఆవిడ కాగితాల్లో అక్షరం తప్పు వెతికినా దొరికేది కాదని ఒకాయన అందరికీ చెబుతున్నాడు. నిజమే. కానీ ఆ పేరు మొదట్లోనే పోవాల్సిన రోజు ఒకటి వచ్చింది. తెచ్చినవాణ్ణి నేను. అది ఆరోజు అక్కడ ఎవరికీ చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

తొంభైల చివర, ఆ ఊళ్లో రైల్వేలో స్థిరపడ్డ చాలామంది తెలుగువాళ్లలాగే, మేం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. అన్నయ్య వర్క్‌షాపులో ఫిట్టర్. నేను డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. వదినకి టైపు వచ్చు. చదువు ముగించి ఊరు వెళ్లిపోతున్న ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గర పాత కంప్యూటర్ తీసుకుని, ముందు గదిలో కిటికీ పక్కన పెట్టి, తెలుగు టైపు పని మొదలుపెట్టింది.

ఆ మిషను దగ్గర వదిన పద్ధతులు వదినవి. కీబోర్డు పక్కన ఆవనూనె కలిపిన మరమరాల ముడీ గిన్నె కనిపిస్తే ఊరుకునేది కాదు. "ఆవనూనె సేతులతో నా అచ్చరాలు ముట్టకు" అనేది. శనివారం శనివారం పుల్లకి దూది చుట్టి ఒక్కొక్క మీట సందూ తుడిచేది. కొత్త పని ఏది నేర్చుకున్నా, చింపిన క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో వరసగా రాసుకునేది. నేను నవ్వితే, "నీకు గేపకం ఉంటాది. నాకు కాయితం ఉంటాది" అనేది.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్. నాకేమో దాని బదులు మిషను నడిపే లినక్స్ నేర్చుకోవాలని పిచ్చి. స్నేహితుడి దగ్గర సీడీ తెచ్చి పెట్టుకుని, భయపడుతూ వదినని అడిగాను.

"ఎంత సోటు కావాల?" అంది.

"సగం డిస్కు."

కాసేపు ఆలోచించింది. "సరే. సగం నాది, సగం నీది. గట్టు దాటి రాకు."

అప్పటినుంచి మిషను ఆన్ చేస్తే నల్ల తెర మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాల మాట ఒకటి వచ్చి ఆగేది. ఏ సగం కావాలో పేరు కొట్టాలి. కాసేపు ఏమీ కొట్టకపోతే దానంతటదే నా లినక్స్‌లోకి వెళ్లిపోయేది. వదిన స్విచ్ వేసి పొయ్యి మీద కూర కలిపి వచ్చేసరికి తెర మీద నా సగం తెరుచుకుని ఉండేది. "ఏటిది సిన్నోడా! నా ఇంట్లోకి నాను పరిగెత్తుకుని రావాలా?" అని విసుక్కునేది. మార్చేస్తాను, మార్చేస్తాను అంటూ నెలలు గడిపాను.

ఆ చలికాలం తెలుగు బడి హెడ్‌మాష్టరు మా ఇంటికి వచ్చారు. పదో తరగతి పిల్లలకి టెస్ట్ పరీక్ష దగ్గర పడుతోంది. అందులో నెగ్గినవాళ్లనే బోర్డు పరీక్షకి పంపుతారు. అంతకు ముందు ఏడాది లెక్కల పేపరు బజారులో అచ్చు వేయించిన చోటనుంచి బయటికి పోయిందట. పిల్లలందరూ మళ్లీ రాయాల్సి వచ్చింది. ఈసారి వదిన ఇంట్లో టైపు చేసి ఇవ్వాలి. ఫ్లాపీలోకి ఎక్కించకూడదు, బయట ఎవరికీ చూపించకూడదు, టైపు అయ్యాక చేతిరాత కాగితాలు కాల్చేయాలి. ఆయన చెప్పినవన్నీ వదిన క్యాలెండర్ కాగితం మీద రాసుకుంది.

మొదటిది లెక్కల పేపరు. పరీక్ష ముందురోజు సాయంత్రం నాలుగింటికి ఇవ్వాలి. టైపు, దిద్దుబాటు అయిపోయాయి. చేతిరాత కాగితాలు పొయ్యిలో పోయాయి. మిగిలింది, బడిలో సైక్లోస్టైల్ కాపీలు తీసుకోవడానికి స్టెన్సిల్ మీద ప్రింటు తీయడం ఒక్కటే. ఆ రోజు పొద్దున్న వదిన బజారుకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"నీ నేస్తాలు సాయంత్రం మిషను మీద ఆటలకి వస్తన్నారు గదా. ఒకడి తమ్ముడు పదిలో ఉన్నాడు. నా సగానికి తాళం ఎట్టే ఇదానం ఉందేటి?"

"ఉంది వదినా. ఇవాళే పెట్టేస్తాను."

"ఇప్పుడొద్దు. పేపరు ఎల్లిపోనాక ఎట్టు."

నేను ఆగలేదు. ఆవిడ వచ్చేసరికి చేసి చూపించాలనుకున్నాను. మొదట్లో వచ్చే ఆ మెనూ ఫైలు తెరిచి, పేర్లు మార్చాను. ఇంగ్లీషు అక్షరాలతోనే 'వదిన' అని ఒకటి, 'మరిది' అని ఒకటి. వదిన పేరుకి పాస్‌వర్డ్ పెట్టాను. ఎవరూ ఏమీ కొట్టకపోతే ఎంతసేపైనా ఆగి ఉండేలా చేశాను. ఒకసారి ఆపి ఆన్ చేసి చూస్తే అద్దంలా వచ్చింది. అక్కడితో లేచిపోయి ఉంటే సరిపోయేది. ఆ ఫోల్డర్‌లో పాత ఫైళ్లు చిందరవందరగా ఉన్నాయని సర్దడం మొదలుపెట్టాను. ఒకదాని మీద ఒకటి కాపీ చేశాను, కొన్ని తీసేశాను. మెనూని నడిపించే ఆ చిన్న ప్రోగ్రాముకి ఫైళ్ల పేర్లతో పనిలేదు. డిస్కు మీద అవి ఉన్న చోటు మాత్రమే గుర్తు పెట్టుకుంటుంది. చోటు మారితే దానికి మళ్లీ చెప్పాలి. ఆ ఒక్క కమాండు నేను కొట్టలేదు.

ఈసారి ఆన్ చేస్తే తెర మీద ఎల్ వచ్చింది. ఐ వచ్చింది. నాలుగు అక్షరాలు రావాలి. మిగతా రెండూ రాలేదు. ఆపాను, మళ్లీ వేశాను. ఎల్, ఐ. నా సగం లేదు, వదిన సగం లేదు.

వదిన సంచితో లోపలికి వచ్చి నా మొహం చూసింది. "ఏటయ్యింది?"

చెప్పాను. ఆవిడ సంచి కింద పెట్టి, గోడ గడియారం వైపు చూసింది. పదకొండు దాటింది.

"పేపరు పోనాదా?"

"పోలేదు వదినా. పోలేదనుకుంటున్నాను."

"అనుకుంటన్నావా, తెలుసా?"

"తెలీదు."

"అదిగో, అలాగ సెప్పు. తెలీదంటే తెలీదను. తెలిసినట్టు మాత్తరం సెయ్యకు." తలుపు గడియ వేసి, ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. క్యాలెండర్ కాగితం ఒకటి ఒళ్లో పెట్టుకుంది. "పొద్దుటనుంచి ఏటేటి సేసినావో మొదటినుంచి సెప్పు."

బయట బాగుచేసేవాళ్లు ఉన్నారు. మిషను వాళ్లకి ఇస్తే పేపరు వాళ్ల చేతుల్లోకి వెళుతుంది. స్నేహితుణ్ణి పిలుస్తానన్నాను. వద్దంది. డిస్కు ఆగినా మిషనుని లేపే లినక్స్ ఫ్లాపీ ఒకటి నా దగ్గర ఉండేది, దాన్ని తుడిచేసి ఏదో ఆట ఎక్కించుకున్నాను. అది చెప్పినప్పుడు మాత్రం ఆవిడ పెన్సిల్ ఆగింది. ఇక మిగిలింది మిషనుతోపాటు వచ్చిన విండోస్ ఫ్లాపీ. బీరువా అడుగున ప్లాస్టిక్ కవర్‌లో ఉంది. వానాకాలపు చెమ్మకి దాని లోపలి రేకు మీద తెల్లగా బూజు పట్టింది.

వదిన దూది పుల్ల తెచ్చింది. ఫ్లాపీ మూత జరిపి నేను పట్టుకుంటే, ఆవిడ ఊపిరి బిగబట్టి రేకుని కొంచెం కొంచెం తిప్పుతూ తుడిచింది. పెట్టి ఆన్ చేశాం. డ్రైవ్ గరగరమంది. చదవలేకపోతున్నానని తెర మీద వచ్చింది. తీసి మళ్లీ తుడిచాం. మళ్లీ అదే.

తలుపు చప్పుడైంది. బడి ప్యూన్ దాదా. బెంగాలీయే గానీ మా మధ్య పెరిగి తెలుగు మాట్లాడేవాడు. "దీదీ, అయిపోయిందా అని సార్ అడగమన్నారు."

వదిన తలుపు సందులోంచే మాట్లాడింది. "అవలేదు దాదా. మిషను మొరాయించింది. నాలుగుకి నానే తెస్తాను. తేలేకపోతే మూడుకల్లా వొచ్చి ఆ మాటా నానే సెప్తాను."

అతను వెళ్లాక నేను ఏడ్చేశాను. "నా వల్ల అయిందని చెప్పవేం వదినా?"

"సెప్తే ఇది తిరుగుద్దా? కన్నీళ్లు తుడుసుకో. సెయ్యి తడిగా ఉంటే ఫ్లాపీ పాడవుద్ది."

అయిదోసారో ఆరోసారో, గరగర మధ్యలో చప్పుడు మారింది. తెర మీద ఒక్కో వరసా కదిలింది. చివరికి అక్షరం కొట్టమని గీత మిణుకుమంది. వదిన సగంలో ఏముందో చూపించమని కొట్టాను. పేర్లు వచ్చాయి. అందులో పేపరు పేరు ఉంది. ఆవిడ వేలు తెరకి దగ్గరగా పెట్టి ఆ పేరు రెండుసార్లు చదివింది.

ఇక పాత మెనూని మొత్తం తుడిచేసి విండోస్‌ని నేరుగా లేపే కమాండు ఒకటుంది. స్నేహితుడి నోటుబుక్కులో చూశాను. దాని వెనక ఒక చిన్న ముక్క తప్పక చేర్చాలి. చేర్చకపోతే డిస్కుని పంచే పని మొదలవుతుంది. అక్కడ తప్పు మీట పడితే అన్నీ పోతాయి.

"ఇది కొడితే ఏటవుద్ది?"

"విండోస్ వస్తుంది. నా సగం కనపడదు. పేపరుకి ఏమీ కాదు... అని ఉంది."

"అని ఉంది గానీ నువ్వెప్పుడూ సెయ్యలేదు."

"చెయ్యలేదు."

"అయితే ముందు పేపరు బయటికి తియ్యి."

"ఫ్లాపీలో ఎక్కించకూడదన్నారు కదా?"

వదిన ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "అన్నారు. ఆ మాట నాను తప్పుతన్నాను. నువ్వు కాదు. తియ్యి."

నా ఆటల ఫ్లాపీ ఒకటి తుడిచేసి పేపరు కాపీ చేశాను. ఆవిడ దాన్ని తీసి బొడ్లో దోపుకుంది. తర్వాత నేను కమాండు కొట్టి, ఎంటర్ నొక్కకుండా ఆగాను. నేను ముందు చెప్పి కాగితం మీద రాయించినదానితో వదిన ఒక్కో అక్షరం పోల్చి చూసింది. "కొట్టు" అంది. కొట్టాను. ఏ చప్పుడూ లేదు, ఏ మాటా రాలేదు. ఫ్లాపీ తీసి మిషను ఆపి ఆన్ చేశాం. ఆ నల్లతెర ముందు మేం ఎంతసేపు ఉన్నామో తెలీదు. తర్వాత విండోస్ వచ్చింది.

ప్రింటర్ రిబ్బన్ తీసేసి స్టెన్సిల్ ఎక్కించాం. సూదులు కాగితాన్ని గుచ్చుతూ కీచుమంటుంటే, కరెంటు పోతుందేమోనని వదిన పైన బల్బు వంకే చూస్తూ నిలబడింది. పోలేదు. నాలుగుకి పది నిమిషాలుందనగా సైకిల్ వెనక ఆవిడని ఎక్కించుకుని బడికి తొక్కాను.

హెడ్‌మాష్టరు స్టెన్సిల్ వెలుతురుకి పెట్టి చూసి, తల పంకించారు. అయిపోయిందనుకున్నాను. వదిన బొడ్లోంచి ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు వొద్దన్నారు గానీ ఇందులో ఎక్కించినానండీ. మిషను ఆగిపోనాది. పేపరు పోద్దని బయపడినాను. నా సేతిలోంచి ఇది ఎటూ ఎల్లలేదు."

ఆయన మొహం బిగుసుకుంది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదమ్మా."

"నాకు తెలుసు కదండీ."

వదిన ఆయన బల్ల మీది కత్తెర అడిగి తీసుకుని, నల్లటి రేకు బయటికి లాగి, ముక్కలు ముక్కలుగా కత్తిరించింది. ఆయన ఆ ముక్కలు చెత్తబుట్టలోకి తోసి, "సైన్సు పేపరు రేపు పంపిస్తాను. మీరే చెయ్యండి" అన్నారు.

నా సగానికి ఇక నూకలు చెల్లినట్టే అనుకున్నాను. పరీక్షలన్నీ అయిన మర్నాడు వదినే పిలిచింది. "నీది మళ్లీ ఎట్టు. నాను పక్కన కూకుంటాను. ఒక్కొక్క ముక్కా ఎందుకో సెప్పు." రెండు రోజులు పట్టింది. తర్వాతి ఏళ్లలో ఆవిడ మిషన్లు మార్చినప్పుడల్లా ఆ మెనూ తనే రాసుకుంది. ఎక్కడైనా చిక్కుపడితే ఆద్రాకి ఫోన్ చేసేది. నేను తడబడితే, "తెలీదా? తెలీదను" అని నవ్వేది. ఆఫీసులో ఇప్పటికీ నాకు తెలియంది తెలియదని చెప్పేస్తాను. ఆ ధైర్యం ఆవిడ ఇచ్చిందే.

లెక్కల పరీక్షరోజు పొద్దున్న జరిగింది ఒకటి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. పది దాటాక వదిన బడి వైపు తీసుకెళ్లమంది. లోపలికి వెళ్లలేదు. పదో తరగతి కిటికీలు కనిపించే చోట, గోడ ఇవతల నిలబడ్డాం.

"నాను పది రాయలేదు, తెలుసా?" అంది. "పరీచ్చల ముందు మా నాన్నకి బదిలీ అయిపోనాది. సామానంతా వేగన్లో ఎక్కించేసినారు."

గంట కొట్టారు. లోపల పిల్లలందరూ ఒక్కసారిగా కాగితాలు తిప్పిన చప్పుడు కిటికీలోంచి వచ్చింది. వదిన గోడ మీద రెండు చేతులూ ఆనించి, పెదవులు కదుపుతూ, వాళ్లతోపాటు మొదటి ప్రశ్న చదవడం మొదలుపెట్టింది.