రోహిణి కార్తెలో శాలువా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం, తాడేపల్లిగూడెంలో మా హాల్లో ఫ్యాను తిరుగుతుంటే నాకు వణుకు పుట్టింది. లేచి ఆపేశాను.

"ఏవోయ్, మనిషివా, ఫ్రిజ్జువా?" అన్నారు మావారు, తడిసిన చొక్కా విప్పుకుంటూ.

నవ్వేశాను. ఒళ్లు పెరుగుతోంది, జుట్టు రాలుతోంది, కూర్చున్నచోటే కునుకు వస్తోంది. వయసని నేననుకున్నాను, బద్ధకమని ఆయన అనుకున్నారు. పెళ్లయ్యాక ఇద్దరం ఇంత దగ్గరి అభిప్రాయానికి రావడం అదే మొదలు.

అత్తయ్యగారు మాత్రం ఏమీ అనేవారు కాదు. నేను శాలువాతో హాల్లోకి రాగానే తనే ఫ్యాను కట్టేసి, విసనకర్ర అందుకునేవారు. "నాకలవాటేలేమ్మా" అనేవారు. నమ్మేశాను. నమ్మితే నాకు సుఖం కదా.

ఒకరోజు అలా విసురుకుంటూనే పక్కకు ఒరిగిపోయారు. పిలిస్తే పలకలేదు. కారులో ఏలూరు ఆస్పత్రికి బయల్దేరాం. మావారు డ్రైవరుతో ఏసీ పెంచమన్నారు. ఆవిడ తల నా ఒళ్లో ఉంది, నా పళ్లు టకటకలాడుతున్నాయి. ఆపమనలేదు. ఆ వేసవిలో ఆవిడకు నేను చేసిన మేలు అదొక్కటే.

సెలైన్ ఎక్కాక కళ్లు తెరిచారు. "వడదెబ్బండీ, డీహైడ్రేషన్. గండం గడిచింది" అంది డాక్టరమ్మ. తర్వాత నా శాలువా కేసి చూసింది.

"మీకెప్పట్నుంచండీ ఇలా?"

"నేను పేషెంటుని కాదండీ, అటెండెంటుని."

"తెలుసండీ. మిమ్మల్నే అడుగుతున్నా. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, రక్తహీనతకి హిమోగ్లోబిన్ చేయిద్దాం."

హైపోథైరాయిడిజం అని తేలింది. "థైరాయిడ్ హార్మోను తగ్గితే ఒంట్లో వేడి పుట్టడం మందగిస్తుందండీ, పొయ్యి సిమ్‌లో పెట్టినట్టు" అంది.

మాత్రలు మొదలుపెట్టినా చలి వదల్లేదు, వద్దన్నా అత్తయ్యగారు ఫ్యాను కట్టేయడమూ మానలేదు. మళ్లీ పరీక్ష చేస్తే, హార్మోను తగ్గినప్పుడు పెరిగే ఆ టీఎస్‌హెచ్ ఇంకా సరిగా దిగలేదు.

"మాత్ర ఎలా వేసుకుంటున్నారు?"

"పొద్దున్నే కాఫీతోనండీ."

"మందుకి కాఫీ మర్యాదలెందుకండీ? కాఫీతో అయితే ఒంటికి సరిగా పట్టదు, పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ గంటాగి తాగండి."

నా కాఫీ మర్యాదకు అత్తయ్యగారు మరికొన్నాళ్లు చెమట కక్కారన్నమాట.

ఇప్పుడు శాలువా బీరువాలో ఉంది. నేను ఫ్యాను కిందే కూర్చుని ఇది రాస్తున్నాను. అందరికీ ఉక్కపోస్తుంటే మీకొక్కరికే చలేస్తోందా? ఫ్యాను ఆపి ఊరుకోకండి, డాక్టరుకు చూపించుకుని రక్తపరీక్ష చేయించుకోండి.

నేను హాల్లోకొస్తే ఇప్పటికీ అత్తయ్యగారి చెయ్యి స్విచ్చు మీదికి పోతుంది.

"ఉండనివ్వండి అత్తయ్యగారూ, నాకు తగ్గిపోయిందిగా."

"అలవాటైపోయిందమ్మా" అంటారావిడ, ఈసారి నిజంగానే.