అరగంటకు రెండింతలు

ఆదోనిలో రక్తపరీక్షల చాచా పోయారట. మొన్న నూలు తెచ్చిన లారీ డ్రైవరు మగ్గం గుంత దగ్గర నిలబడి, పత్తి ధర చెప్పినంత తేలిగ్గా చెప్పి వెళ్లాడు. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఆయనకు చెప్పాల్సిన ఒక్క మాటను ఎనిమిదేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాను. ఇక ఎవరికి చెప్పను?

మాది ఎమ్మిగనూరు, నేత పని. డెబ్బై ఎనిమిదిలో నా కూతురికి పద్నాలుగేళ్లు. జ్వరం, కీళ్ల నొప్పులు. ఒకరోజు మోకాలు వాచేది, ఇంకోరోజు మణికట్టు. ఇది గుండెకు పట్టే జ్వరమని ఆదోని డాక్టరు చెప్పాడు. మూడు వారాలకొక సూది, మంచం దిగకూడదు, నెలనెలా రక్తం చూపించాలి. అలా చాచా దగ్గరికి చేరాం.

ఆయన గది పత్తి మిల్లు పక్కనే. గీతలున్న సన్నటి గాజు గొట్టంలోకి రక్తం పీల్చి, చెక్క స్టాండులో నిలువుగా నిలిపేవారు. ఎరుపు మెల్లగా కిందికి దిగుతుంది, పైన పచ్చటి నీరు తేలుతుంది. గంటలో ఎన్ని గీతలు దిగిందన్నదే లెక్క. ఎక్కువ దిగితే ఒంట్లో వాపు ఇంకా ఆరలేదని అర్థం. మిల్లు నడుస్తుంటే బల్ల అదురుతుంది కాబట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు మిల్లు ఆగితే గానీ ఆయన గొట్టం నిలిపేవారు కాదు. ఎవరెంత గొణిగినా, "ఉండప్పా" అని నవ్వి, టీ తెప్పించేవారు.

"నొప్పి మాట నమ్మొద్దప్పా. అది యాడన్నా దాక్కుంటాది. గొట్టం దాయదు" అనేవారు.

మూడో నెల వెళ్లేసరికి బిడ్డకు నొప్పులు పోయాయి. గంతులేస్తున్న పిల్లను మంచానికి అంటగడతారా అని మా వీధంతా నన్ను ఎగతాళి చేసింది. పైగా ఆ సాయంత్రమే మగ్గం మీద అయిపోయిన పడుగుకు కొత్త పోగులు అతికే మనిషి వస్తానన్నాడు. అతను తప్పిపోతే పది రోజులు మగ్గం ఖాళీ. పావు తక్కువ రెండు బస్సు అందుకోవాలి.

"చాచా, అరగంటకు ఎంత దిగిందో సూసి రెండింతలు సెయ్యి. మగ్గం కాడ మేం అట్లే లెక్కేస్తాం. ఒక పూటకు ఎంత నేస్తే, దినానికి దానికి రెండింతలు."

"మగ్గం నీ సేతిలో ఉంటాది. ఇది మొదట్లో నింపాదిగా దిగుతాది, తర్వాత ఊపందుకుంటాది. గంటంటే గంటే. కూసో."

నేను కూర్చోలేదు. వంగి గొట్టం చూశాను. పద్దెనిమిది గీతలు. రెండింతలు ముప్పై ఆరు. కిందటి నెల ఎనభై దాటింది కదా, ఇంకేం, తగ్గిపోయింది! బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చేశాను. "ఉండప్పా, ఉండు" అని ఆయన కేక వీధి మలుపుదాకా వినిపించింది.

మర్నాడు బస్సు కండక్టరు ఒక చీటీ ఇచ్చాడు. చాచా రాత, వంకర టింకర తెలుగు. "అరవై ఐదు. మగ్గం వద్దు. పండుకోబెట్టు. డాక్టరుకు సూపించు." చదివి ఏం చేశాను? పరీక్షలవాళ్లకు భయపెట్టడం మామూలే అనుకుని చూరులో దోపేశాను. నా లెక్క మీద నాకంత నమ్మకం! బిడ్డను మగ్గంలో కూర్చోబెట్టాను. మూడు నెలలకు బిందె ఎత్తితే రొప్పడం మొదలైంది. డాక్టరు చెవులకు గొట్టం పెట్టుకుని విని, గుండె కవాటం దెబ్బతిందన్నాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు చాచా దగ్గరికే వెళ్లాం. చీటీ అందిందా అని ఒక్కసారైనా అడగలేదు ఆయన. అదే కుర్చీ, అదే టీ, అదే "ఉండప్పా". చెంప మీద ఒక్కటిచ్చి ఉంటే నేను కాళ్లు పట్టుకుని తప్పు ఒప్పుకునేవాణ్ణి. ఆ అవకాశం ఇవ్వకుండానే వెళ్లిపోయారని ఆయన మీద కూడా కోపమే. ఎంత సిగ్గుమాలిన కోపమో నాకు తెలుసు.

నిన్న బిడ్డను తీసుకుని చాచా ఇంటికి పలకరింపుకు వెళ్లాను. మేడ మీద ఇల్లు, ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఎప్పటిలాగే నేను గబగబా ఎక్కేసి గడప దగ్గర వెనక్కి తిరిగి చూశాను. బిడ్డ మెట్ల మధ్యలో ఆగిపోయి ఉంది, గోడకు చెయ్యి ఆనించి, నోరు తెరిచి గాలి పీలుస్తూ.

"ఉండు నాయినా... వస్తాండా" అంది.

లోపల్నుంచి ఎవరో రమ్మని పిలుస్తున్నారు. నేను గడప దాటలేదు. కిందికి దిగి, ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.