మా బావ మరణించిన మ్యాటినీ

ఈ ఏడాది మార్చి నెల పదహారవ తేదీ, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ఎండ తీవ్రంగా ఉంది, సముద్రం వైపునుంచి గాలి బొత్తిగా లేదు, మా వరండాలోని ఉష్ణమాపకం ముప్పై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. భోజనం ముగించి వార్తల కోసం టీవీ పెట్టిన నాకు, నలభై ఆరేళ్ళ కిందటి ఒక యుద్ధచిత్రం ఎదురైంది. ముఖాలకు మసి పూసుకున్న కమాండోలు రబ్బరు పడవల్లో, చప్పుడు కాకుండా తెడ్లు వేసుకుంటూ, శత్రువుల చమురు నిల్వలను పేల్చివేయడానికి తీరం చేరుకుంటున్నారు. తరువాత ఏమి జరుగుతుందో నాకు తెలుసు. అందుకే కట్టేశాను. ఆ చమురు పీపాల పక్కన తుపాకీ పట్టుకుని నిలబడి ఉండే కాపలావాడు మా మేనత్త కొడుకు, నా బావ.

నా తరంవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మద్రాసు నుంచి సినిమావాళ్ళు దిగారంటే విశాఖపట్నం సగం పనులు మానేసి వెళ్ళి చూసేది. ఆ చిత్రంలోని దాడి ఘట్టాన్ని భీమునిపట్నం దగ్గర, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఇవతల తీశారు. వీరులుగా నటించినవాళ్ళంతా మద్రాసు నుంచి వచ్చారు కాని, శత్రుసైనికులుగా చచ్చిపోవడానికి అంతమందిని తెచ్చుకోవడం కష్టం కనుక వారిని అక్కడి పల్లెలనుంచే ఏరుకున్నారు. మా బావ అప్పటికి రేవులో కళాసీ, ఓడలకు తాళ్ళు కట్టే పని. సెలవు పెట్టి వెళ్ళి, ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, అట్టతో చేసిన శిరస్త్రాణం పెట్టుకుని నిలబడ్డాడు. బూట్లు మాత్రం ఏ జత కూడా అతని పాదాలకు పట్టలేదు. ఇసుకలో నడిచి విచ్చుకున్న వేళ్ళు కదా. చివరికి మోకాళ్ళ పైనుంచే తీస్తామని చెప్పి, వట్టి కాళ్ళతోనే కాపలా కాయించారు.

చూడటానికి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "ఒరే, ఏ దేశమోడివిరా నువ్వు? అన్నం తింతావా, రొట్టి తింతావా?" అని ఒకరు, "మనోలందరం శత్రువులమేనేటి? మంచోలు మద్రాసు నుంచే దిగాలేటి?" అని ఇంకొకరు. బావ తుపాకీ కదపకుండా, "సచ్చేదాకా మాటాడించకండ్రా, డబ్బులు కోసేత్తారు" అనేవాడు.

కమాండో ఒకడు వెనకనుంచి వచ్చి నోరు మూసి, వీపులో కత్తి దించితే, కాపలావాడు సముద్రంలోకి ఒరిగిపోవాలి. బావ నీళ్ళలోకి పోయిన తీరు చూసి ఫైట్ మాస్టరు ఆశ్చర్యపోయాడు. చప్పుడు లేదు, చేతులు కొట్టుకోవడం లేదు, కెమెరా ఆగి మనుషులు కంగారుపడి కేకలు వేసేదాకా పైకి తేలలేదు. ఆ సాయంత్రమే ఆయన, తన బృందంలో చేరితే మద్రాసు తీసుకువెళ్తానన్నాడు. బావ ఒక్క షరతు చెప్పాడు. అమ్మ ఒప్పుకోవాలి.

మా మేనత్తను గురించి ఇక్కడ చెప్పాలి. బావకు తొమ్మిదేళ్ళప్పుడు మామయ్య చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. కొడుకును వేటకు పంపనని పట్టుబట్టి, బతిమాలి, రేవులో పనికి పెట్టించింది ఆవిడే. కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. రేవు కార్యాలయంలో ఓడల రాకపోకల వేళలు వేసే గుమాస్తాను. నా మాటంటే ఆవిడకు గురి. మద్రాసు మాట ఆవిడ చెవిన వేసి ఉంచాము; చిత్రం విడుదలయ్యాక, తెరమీద కొడుకును చూపిస్తే ఆవిడే మురిసి పంపుతుందని ఉపాయం చెప్పింది నేను. విడుదల సమయానికి ఇంకో చిత్రం పనిమీద మళ్ళీ విశాఖపట్నం వచ్చిన మాస్టరు, తాను తిరిగి వెళ్ళేలోగా, అంటే బుధవారంలోగా, జవాబు కావాలన్నాడు.

విడుదలైన రోజునే ఒంటరిగా వెళ్ళి, చేతిగడియారం చూసుకుంటూ చిత్రం చూశాను. బావ కనిపించేది సరిగ్గా పదకొండు సెకన్లు. వన్ టౌన్‌లోని ఆ హాలులో ఆదివారం మ్యాటినీకి ఒక వరుస మొత్తం, పద్నాలుగు టికెట్లు తీసుకున్నాను. బంధువులందరికీ చెప్పాను, నేను చెయ్యి ఎత్తగానే చప్పట్లు కొట్టాలని. అత్తకు కూడా చెప్పాను, నీ కొడుకు పదకొండు సెకన్లు కనిపిస్తాడు, రెప్ప వేయకు అని. అతనిని ఏమి చేస్తారో మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు. నాకు అది చెప్పవలసిన సంగతిగా తోచనే లేదు. అత్త అంతవరకు చూసినవన్నీ పౌరాణికాలు, వాటిలో చనిపోయినవారిని దేవుడు లేపుతాడు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక ఓడ రేవులోకి రావలసి ఉంది. తాళ్ళు పట్టడానికి బావ వెళ్ళక తప్పదు. ఆ ఓడ రాక వేళ వేసింది నేనే కనుక, అతను ఆవిడ పక్కన కూర్చోలేడని రెండురోజుల ముందే నాకు తెలుసు. అయినా వరుస మొత్తం మళ్ళీ దొరకదని టికెట్లు మార్చలేదు.

ఆ ఘట్టం వచ్చింది. శిరస్త్రాణం నీడలో ముఖం సరిగా ఆనక మా వాళ్ళే తడబడుతున్నారు. కత్తి దిగింది. మనిషి ఒరిగాడు, మోకాళ్ళ పైనుంచే తీస్తామన్న వాళ్ళు మరచిపోయారేమో, పడేటప్పుడు రెండు పాదాలు తెరమీద గాలిలోకి లేచాయి. నేను చెయ్యి ఎత్తాను. పదముగ్గురిలో పన్నెండుమంది చప్పట్లు కొట్టారు, వెనకవాళ్ళు ఈలలు వేశారు. అత్త లేచి నిలబడింది.

"ఎందుకురా తప్పట్లు? ఆడు మనోడు గదరా! ఆ కాల్లు మావోడియిరా!"

వెనకనుంచి ఎవడో, "కూకోయే ముసిలీ, శత్రువు సస్తే ఏడుత్తావేటి?" అన్నాడు. హాలు నవ్వింది. మా వరుసలో కూడా ఒకరిద్దరు నవ్వారు.

ఆవిడ చెప్పులు వదిలేసి బయటికి నడిచింది. నేను వెంటపడి, అది ఉత్తిదని, కత్తి చెక్కదని, బావ డ్యూటీలో ఉన్నాడని వన్ టౌన్ సందులన్నిటా చెప్తూనే ఉన్నాను. వినిపించుకోలేదు. రేవు గేటు దగ్గర కాపలాదారు లోనికి వదలలేదు. షిఫ్టు ముగిసేదాకా ఆ ఎండలో నిలబడింది. బావ వచ్చి, "ఏటమ్మా, ఏటైంది?" అంటూ నవ్వబోయాడు. ఆవిడ అతని చొక్కా పైకి లాగి, వీపుమీద అరచేత్తో అంతా తడిమి చూసింది. ఒకసారి కాదు, చాలాసేపు. తరువాత అడిగింది: "మల్లీ సస్తావేట్రా?"

బావ నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మరునాడు బావ నా కార్యాలయానికి వచ్చి, "మద్రాసు సంగతి నువ్వెల్లి సెప్పు బావా. నువ్వు సెప్తే ఇంటాది. నాను సెప్తే ఏడుస్తాది," అన్నాడు. వెళ్తానన్నాను. సోమవారం వెళ్ళలేదు. మంగళవారం వాళ్ళ వీధి మొదటిదాకా వెళ్ళి, వాకిట్లో ఆవిడ కూర్చుని ఉండటం చూసి, ఆ ముఖంలోకి చూడలేక వెనక్కి తిరిగాను. బుధవారం బావతో, ఇప్పుడు కదిలించవద్దు, కొన్నాళ్ళు పోనిద్దాం, అన్నాను. అతను సరేనన్నాడు. మాస్టరు రైలెక్కాడు.

బావ రేవులోనే పదవీవిరమణ చేశాడు. మంచి కళాసీ అని పేరు. ఏ పెళ్ళిలో కలిసినా నన్ను ఆదరంగా పలకరించేవాడు. పిల్లలు అడిగితే పెళ్ళిపందిట్లోనే ఒరిగి చూపించేవాడు, మోకాళ్ళు సహకరించినంతకాలం. అత్త చనిపోయిన ఏడాదికి, ద్వారకా నగర్‌లో బస్సు కోసం ఇద్దరమూ నిలబడి ఉండగా, ఏదో మామూలు మాట చెప్తున్నట్టు చెప్పాడు. ఆ బుధవారం దాటాక నెలల తరబడి అమ్మ నన్ను గురించి అడిగేదట: "మన లెక్కలోడు రాలేదేట్రా? వచ్చి అదెలా తీత్తారో సెప్తాడనుకున్నాను. నాను వద్దన్లేదు గదా, మల్లీ సస్తావేట్రా అని అడిగేనంతే."

అంతలో బస్సు వచ్చింది. అతను ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఆ బస్సు ఎక్కలేకపోయాను.

ఆవిడది నిరాకరణ అని అందరమూ అనుకున్నాము. అది ప్రశ్న. దానికి జవాబు ఇవ్వగలిగినవాడిని, అరగంట కూర్చుని, కెమెరా ఎక్కడుంటుంది, చెక్క కత్తి దిగినట్టు ఎలా కనిపిస్తుంది, నీళ్ళలో మనిషిని పట్టుకోవడానికి ఎవరుంటారు అని చెప్పగలిగినవాడిని, వీధి మొదటినుంచి తిరిగి వచ్చేశాను. అంకెలన్నీ తెలిసినవాడికి ఎదుటి మనిషి ఏమి అడుగుతున్నదో తెలియలేదు.

ఇప్పుడు వన్ టౌన్‌లో ఆ హాలు లేదు, అక్కడ గిడ్డంగి ఉంది. భీమునిపట్నం ఒడ్డున సెలవురోజుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. యుద్ధచిత్రాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. శత్రుసైనికులను వేలకొద్దీ కంప్యూటర్లలోనే పుట్టించి అక్కడే చంపేస్తున్నారట. మంచిదే. వాళ్ళకు తల్లులుండరు, వాళ్ళ కోసం గేటు దగ్గర ఎండలో ఎవరూ నిలబడరు. కాని చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోగల మనిషి అవసరం కూడా ఎవరికీ ఉండదు. అటువంటివాడు ఒకడు మా ఇంట ఉండేవాడని ఎవరికి చెప్పినా, ఏయే చిత్రాల్లో ఉన్నాడని అడుగుతారు.

మా బావ తన జీవితకాలంలో నటించిన చిత్రాల మొత్తం సంఖ్య ఒకటి.