డెన్మార్క్ జోడీలో నా అరపాట

డెన్మార్క్ అనే దేశం ఒకటుందని నాకు ఫ్రిజ్‌లోని చీజ్ డబ్బా చెప్పింది. అక్కడ పాటలు కూడా తయారవుతాయని మామా చెప్పింది. మామా అంటే ఈ అరబ్బు దేశంలో, సబా అల్ సలేం అనే పేటలో నేను వంట చేసే ఇంటి యజమానురాలు. నాకంటే చిన్నదే, అయినా ఇక్కడ పిలుపు అంతే.

ఆమె చిన్నప్పుడు ఆ దేశం నుంచి ఒక జోడీ వచ్చిందట. ఆయనది మోటు గొంతు, ఆమెది పిట్ట గొంతు, ఇద్దరివీ ఆటబొమ్మలకు ప్రాణమొచ్చినట్టు వేషాలు. వాటిని బబుల్‌గమ్ పాటలంటారు. పేరు సరిగ్గానే పెట్టారు. నమిలేకొద్దీ తీపి, మింగడానికేమీ ఉండదు, బుర్రకంటుకుంటే కిరసనాయిలు రాసినా వదలదు. మొదటి ఆల్బమ్ ఊరూరా మోగింది. రెండోది మూలిగింది. కంపెనీ మూతపడి జోడీ విడిపోయింది. చాలా ఏళ్లకు మళ్లీ కలిసి, అప్పటి పిల్లలు తమ పిల్లల్ని వెంటేసుకుని వస్తుంటే అవే పాటలు పాడుతున్నారట. ఈ చరిత్రంతా మామా నేను ఉల్లిపాయలు తరుగుతుండగా చెప్పింది. కన్నీళ్లతో విన్నానని నామీద అభిమానం పెరిగింది.

చిన్నప్పుడు మామా, వాళ్ల చెల్లెలు ఆ జోడీ వేషం కట్టేవాళ్లు. మామాకు మీసం, చెల్లెలికి పిట్ట గొంతు. ఇప్పుడు చెల్లెలికి పెళ్లి, ఆ తర్వాత భర్తతో వేరే దేశం. వెళ్లేలోపు గోరింటాకు వేడుకలో ఒక్కసారి కలిసి పాడాలని మామా ఆశ.

"అత్తగారి వాళ్లంతా వస్తారు. పరువు తీయకు, ఖలాస్" అనేసింది చెల్లెలు.

ఆ పూట మామా అన్నం ముట్టలేదు. సాయంత్రం వంటింట్లోకొచ్చి, "పిట్ట గొంతు నువ్వు పాడు. మనల్ని చూసైనా లేస్తుందేమో" అంది.

నేను ఫోనెత్తితే కొత్తవాళ్లు 'సార్' అంటారు. నాకు పాడడానికీ పాడుచేయడానికీ పెద్ద తేడా లేదు. ఆ మాటే చెప్పి చూశాను. "యల్లా, పద పద!" అంది.

నేర్పే బాధ్యత డ్రైవరు తీసుకున్నాడు. రాయచోటి పిల్లాడు, నన్ను అక్కా అంటాడు. బడికి తీసుకెళ్లేటప్పుడు వెనక సీట్లో మామా పిల్లలు ఆ పాటకు చేతులూ భుజాలూ ఊపుతుంటే అద్దంలో చూసి మొత్తం పట్టేశాడు.

"అక్కా, నువ్వు పాడతాండావా, పంపుసెట్టు తిప్పతాండావా? సన్నంగా తీయ్ గొంతు."

"సన్నంగా ఉండేదేదైనా నాలో ఉంటే కదరా తీయడానికి!"

"సర్లే, స్టెప్పులన్నా చూడు. అద్దంలో కుడి ఎడమైతాది గదా, అందుకే తిరగేసి నేర్పిస్తాండా."

ఎంత తెలివి అనుకున్నాను.

వేడుక ఆడవాళ్లకే. మగవాళ్లు అవతల దివానియాలో, అంటే వాళ్ల సావిట్లో. ఫొటోలు తీయకుండా ఫోన్లన్నీ గుమ్మంలోని బుట్టలోకి వెళ్లాయి. గురువుగారికి లోపలికి దారి లేదు, కారు దగ్గరే ఆగిపోయాడు. పెళ్లికూతురు పచ్చ గౌనులో, తడి గోరింటాకు చేతులు ఒళ్లో పరుచుకుని కూర్చుంది. మామా మీసం చూడగానే మొహం పక్కకు తిప్పేసుకుంది.

పాట మొదలైంది. నేను పిట్టలా కూయబోతే పొట్టేలు అరిచింది. ముందువరుసలో నవ్వులు. మామా కుడికి తిరిగింది, నేను ఎడమకు తిరిగాను. ఇద్దరం ఢీకొన్నాం. మామా మీసం ఊడి నా భుజానికి అంటుకుంది. అప్పుడర్థమైంది. వెనక సీటువాళ్లూ డ్రైవరూ చూసేది ఒకే వైపు, అద్దంలోనూ కుడి కుడిగానే కనిపిస్తుంది. తిరగేయాల్సిన పనే లేదు! మళ్లీ తిరిగాం, మళ్లీ ఢీ.

మామా మొహం వాడిపోయింది. ఆపేద్దామన్నట్టు నాకు సైగ చేసింది.

"అటు కాదు!" పెళ్లికూతురు గొంతు. "అటు కాదు, ఇటు! పైగా ఆ గొంతేంటి? ఆ డెన్మార్క్ ఆవిడ ఎప్పుడైనా అలా పాడిందా?"

లేచింది. గోరింటాకు చెరగకుండా రెండు చేతులూ గాల్లోకెత్తి, దొరికిపోయిన దొంగలా వచ్చి అక్క పక్కన నిలబడింది. మైకు పట్టుకోలేదు కాబట్టి మామాయే ఆమె నోటి దగ్గర పెట్టింది. సన్నటి గొంతు హాలంతా గిర్రున తిరిగింది. అత్తగారు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు పాడకు" అంది పెళ్లికూతురు చరణం మధ్యలో, నావైపు చూసి. "గౌను పట్టుకో."

అరపాటతో నా కెరీర్ ముగిసింది. పచ్చ గౌను అంచు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, అక్కాచెల్లెళ్లు ఎటు తిరిగితే అటు, వాళ్ల వెనకే తిరిగాను.